హద్దు ఎవరి పేర రాయాలి?

అపరిగ్రహం అనగానే మన కళ్ల ముందుకి ఒక మనిషి వస్తాడు. రెండు పంచెలు, ఒక చెంబు, పూటకి సరిపడా బియ్యం. పతంజలి చెప్పిన యమాల్లో ఇది అయిదోది. జైన గృహస్థుల అణువ్రతాల్లోనూ అయిదోదే. రెండు చోట్లా వ్రతం పట్టేది ఒక్క మనిషే. నా సందేహం అక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఎవరికి వాళ్లు మితంగానే ఉంటూ, ఇల్లంతా కలిసి ఊరి వాటా మింగేస్తుంటే ఆ దోషం ఎవరి ఖాతాలో పడాలి? వ్రతం నిలిచినట్టా, చెడినట్టా?

హైదరాబాదులో లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఈ ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకున్నది ఆ పనిలో ఉండగానే. ఒక యంత్రంలో మెమరీ ఇంత అని ముందే తేలిపోయి ఉంటుంది. 256 జీబీ అంటే 256 జీబీయే. దాని మీద నడుస్తూ బతికే ప్రోగ్రాములు, అంటే ప్రాసెస్‌లు వందల్లో ఉంటాయి. వాటికి మెమరీ పంచే, లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్‌ది చాలా ఉదార స్వభావం. ఒక ప్రాసెస్ వచ్చి పది జీబీ కావాలంటే చాలావరకు సరేనంటుంది. కానీ అప్పటికప్పుడు ఏమీ ఇవ్వదు. ఆ చోటుని ప్రాసెస్ మొదటిసారి తాకినప్పుడు, 4 కేబీల పేజీ చొప్పున ఇస్తూ పోతుంది. అడిగినవాళ్లంతా అడిగినంతా వాడరన్న నమ్మకంతో, ఉన్నదానికన్నా ఎక్కువకి మాట ఇచ్చేస్తుంది. మామూలు రోజుల్లో ఆ నమ్మకం చెల్లుతుంది. అందరూ ఒకేసారి చేయి చాచిన రోజున చెల్లదు.

ఆ రోజున కెర్నల్‌లోని ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ రంగంలోకి దిగుతుంది. ఎవరు ఎంత మెమరీ పట్టుకున్నారో చూసి ప్రతి ప్రాసెస్‌కీ ఒక స్కోరు కడుతుంది. మేం ముందుగా రాసిపెట్టిన సర్దుబాటు ఉంటే దాన్నీ కలుపుతుంది. ఎక్కువ స్కోరు వచ్చినదానికి తొమ్మిదో నంబరు సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్‌ని ఏ ప్రాసెస్సూ కాదనలేదు. తెరిచిన ఫైలు సర్దుకునే వ్యవధి కూడా దొరకదు.

నేను డ్యూటీలో ఉన్న ఒక రాత్రి, లాగ్‌లు పోగుచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వకుండా గంటల తరబడి పెరుగుతూ పోయింది. యంత్రం నిండిపోయింది. అప్పుడు చచ్చిపోయింది మాత్రం డేటాబేస్. ఉన్నవాటిలో పెద్దది అదే కాబట్టి. దాని పనే అంత మెమరీ కోరే పని. ఆ రాత్రి అది ఎప్పటికన్నా ఒక్క పేజీ కూడా ఎక్కువ తీసుకోలేదు. కులం కోసం ఒక్కణ్ణి, ఊరి కోసం కులాన్ని వదులుకోమని విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పాడు. ఓఓఎం కిల్లర్ చేసేదీ పైకి ఆ నీతిలాగే కనిపిస్తుంది. కానీ విదురుడు వదులుకోమన్నది దుర్యోధనుణ్ణి, అంటే కీడుకి మూలమైనవాణ్ణి. ఇంట్లో ఎవడు ఆజానుబాహువో చూసి వాణ్ణి వదలమనలేదు. ఎవరు ఎంత తిన్నారన్న లెక్క ముందే లేకపోతే, ఆపద వేళ జరిగే త్యాగం న్యాయంగా జరగదు. ఆ రాత్రి నుంచి ఈ మాట మీద నాకు అనుమానం లేదు.

అయితే లెక్క ఎవరి పేర ఉంచాలి? యూనిక్స్ వంశంలో పాతకాలం నుంచి ఉన్న పద్ధతి, ఒక్కో ప్రాసెస్‌కీ విడివిడిగా హద్దు పెట్టడం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రాసెస్ తనలాంటి పిల్లల్ని పుట్టించగలదు. హద్దు 1 జీబీ అయితే, పుట్టిన ప్రతి పిల్లకీ మళ్లీ సొంతంగా 1 జీబీ హద్దు వస్తుంది. మూడు వందల మంది పిల్లలుంటే మూడు వందల జీబీ. వాళ్లలో ఒక్కరు కూడా నియమం దాటలేదు. ఒక్కరి మీద కూడా తప్పు పట్టలేం. యంత్రం మాత్రం మునిగిపోయింది.

ఈ తప్పుదారి మనుషులకి ఎప్పటినుంచో తెలుసు. 12వ శతాబ్దంలో గుజరాత్‌లో ఉన్న జైనాచార్యుడు హేమచంద్రుడు గృహస్థుల పరిగ్రహ పరిమాణ వ్రతం, అంటే ఆస్తికి హద్దు పెట్టుకునే వ్రతం గురించి రాస్తూ, దాన్ని మాటలో నిలిపి, భావంలో తప్పించే ఉపాయాల్ని కూడా యోగశాస్త్రంలో చెప్పాడు. ఇన్ని ఇళ్లకి మించనని వ్రతం పట్టినవాడు పక్కిల్లు కొని, మధ్య గోడ తీయించి, ఇది ఒకటే ఇల్లంటాడు. అదనంగా వచ్చిన సొమ్ముని గడువు తీరేదాకా ఇంకొకరి దగ్గర ఉంచుతాడు. పశువులు ఇన్నేనని హద్దు పెట్టుకున్నవాడు కడుపులో ఉన్న దూడల్ని లెక్కలోకి తీసుకోడు. ఈ మాటలు నేను మొదట చదివినప్పుడు చాలాసేపు పుస్తకం ముందుకి సాగలేదు. మా కెర్నల్‌తో మేం పడే చిక్కులన్నీ ఎనిమిది వందల ఏళ్లకి ముందే ఒకాయన వరసగా పేర్చిపెట్టాడనిపించింది. ఆయన చూసినంత నిశితంగా నియమాన్ని చూసినవాళ్లు తక్కువ. మనిషి వ్రతాన్ని మీరేముందు లెక్కని మారుస్తాడని ఆయన గ్రహించాడు.

ఆ వ్రతం పట్టిన మనిషిని నేను చిన్నప్పుడు దగ్గరగా చూశాను. తెనాలిలో మా వీధి చివర బట్టల కొట్టు పెట్టుకున్న మార్వాడీ సేటు గారు. పొలం, ఇల్లు, వెండి, బంగారం, ధాన్యం, సామాను, ఒక్కోటీ ఎంతవరకో గురువుగారి ముందు అనుకుని, చిన్న నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు. కొడుకులు ఎదిగి గుంటూరులో ఒకరు, విజయవాడలో ఒకరు కొట్లు తెరిచారు. నేను కాలేజీ సెలవులకి వచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను. "సేటు గారూ, మీ అబ్బాయిల కొట్లు మీ లెక్కలోకి వస్తాయా?" ఆయన తడుముకోలేదు. "ఒకే పొయ్యి మీద వండుకున్నంత కాలం ఒకే లెక్క, బేటీ. పొయ్యిలు వేరయ్యాక ఎవరి వ్రతం వాళ్లది. నా పేర లేదు కాబట్టి నాది కాదంటే, నేను మహావీరుడికి కాదు, రిజిస్ట్రారు ఆఫీసుకి మొక్కుకున్నట్టు."

నా ప్రశ్నకి జవాబు ఆ మాటలోనే ఉంది. హద్దు ఒక్కడి పేర రాస్తే పారిపోతుంది. ఊరందరి పేర రాస్తే ఎవరికీ పట్టదు. కలిసి బతికేవాళ్ల పేర రాయాలి.

లినక్స్ ఈ మాటకి రావడానికి చాలా కాలం పట్టింది. 2006లో గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ ప్రాసెస్‌లని గుంపులుగా కట్టి లెక్క చూసే పని మొదలుపెట్టారు. సీగ్రూప్స్ అన్న పేరుతో అది 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌లో చేరింది. ఆ గుంపులకి మెమరీ హద్దు పెట్టే భాగం, ముఖ్యంగా బల్బీర్ సింగ్ కృషితో, ఆ వెంటనే వచ్చిన 2.6.25లో చేరింది. తర్వాత తేజున్ హియో నడిపించిన రెండో రూపం 2016లో 4.5తో అధికారికంగా వచ్చింది. ఇందులో గుంపులన్నీ ఒకే చెట్టుకి కొమ్మలు. పిల్ల ప్రాసెస్ తల్లి గుంపులోనే పుడుతుంది. ఎంతమంది పుట్టినా లెక్క ఒక్కటే. పై కొమ్మకి ఉన్న హద్దుని కింది కొమ్మలన్నీ కలిసి కూడా దాటలేవు. ఈరోజు ప్రోగ్రాముల్ని వేటికవి విడిగా ఉంచే కంటైనర్లని నడిపే డాకర్, కుబర్నెటీస్ వంటివన్నీ ఈ లెక్క మీదే నిలబడ్డాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. గుంపుకి హద్దు పెడితే, ఒకడి తప్పుకి ఇంకొకడు పోడా? పోతాడు. గుంపు హద్దు దాటి, వెనక్కి తీసుకోవడానికి ఇంకేమీ మిగలకపోతే, ఓఓఎం కిల్లర్ ఆ గుంపులోనే ఒకణ్ణి వెతుకుతుంది. అక్కడా చూసేది పరిమాణాన్నే. 2018లో 4.19 కెర్నల్‌తో ఇంకో వీలు వచ్చింది. కావాలనుకుంటే గుంపు మొత్తాన్ని ఒకే ప్రాణంగా లెక్కించమని చెప్పవచ్చు. పోతే అందరూ పోతారు. వినగానే క్రూరంగా ఉంటుంది. కానీ సగం చచ్చిన సేవ, బతికున్నట్టు కనిపిస్తూ తప్పుడు జవాబులు ఇవ్వడం ఇంకా పెద్ద హాని. కాబట్టి నీతి అంతా గుంపు కట్టే దగ్గరే ఉంది. కలిసి పనిచేసి, ఒకరు లేకపోతే మరొకరు నిరర్థకమయ్యేవాళ్లనే ఒక గుంపు చేయాలి. డేటాబేస్‌నీ లాగ్ ప్రోగ్రామునీ ఒకే గుంపులో పెట్టడం అన్యాయం. మనుషుల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. పుట్టుకని బట్టి, పేరుని బట్టి కట్టిన గుంపుకి ఒకడి నేరాన్ని అంటగట్టడం ధర్మం కాదు. ఒకే పొయ్యి అన్న సేటు గారి కొలత అందుకే నాకు నచ్చుతుంది. అది రక్తాన్ని అడగదు, పంచుకుని తినడాన్ని అడుగుతుంది.

ప్రాసెస్‌కి కూడా పుట్టిన గుంపు శాశ్వతం కాదు. దాన్ని ఇంకో గుంపులోకి మార్చవచ్చు. కానీ రెండో రూపంలో ఒక నియమం ఉంది. ప్రాసెస్ మారినా, అది అంతకు ముందు తీసుకున్న మెమరీ దానితో రాదు. విడిచిపెట్టేదాకా పాత గుంపు లెక్కలోనే ఉంటుంది. ఇంకా విశేషం, గుంపునే తీసేసినా, దాని పేర రాసిన పేజీలు ఎక్కడో వాడుకలో ఉంటే, కెర్నల్ ఆ గుంపు లెక్కల పుస్తకాన్ని లోపల అలాగే ఉంచుతుంది. బయటికి కనిపించదు, కొత్తవాళ్లు చేరలేరు, ఆఖరి పేజీ విడుదలయ్యేదాకా అది పూర్తిగా పోదు. కర్మ గురించి చిన్నప్పటి నుంచి విన్న మాటలు నాకు ఇక్కడ భయం పుట్టించకుండా అర్థమయ్యాయి. చేసినదానికి ఎవరో పగబట్టి శిక్షించాల్సిన అవసరం లేదు. లెక్క తీరేదాకా లెక్క ఉంటుంది, అంతే.

పంచుకునే వస్తువుల సంగతి ఇంతకన్నా లోతైనది. రెండు గుంపులు ఒకే ఫైలు చదువుతాయి. మెమరీలో దాని ప్రతి ఒక్కటే ఉంటుంది. ఖర్చు ఎవరి పేర రాయాలి? మొదట తాకినవాడి పేర. రెండోవాడు ఉచితంగా వాడుకుంటాడు. ఇది న్యాయమా అని నేను చాలాసార్లు తర్కించుకున్నాను. ఒక్కో పేజీనీ ముక్కలు చేసి అందరికీ పంచి రాయబోతే, ఆ లెక్కకే యంత్రం అలసిపోతుంది. అయితే ఒత్తిడి ఎక్కువై మొదటి గుంపు ఆ పేజీని వదిలేస్తే, మళ్లీ కావలసినవాడు దాన్ని తెచ్చుకుంటాడు, అప్పుడు ఖర్చు అతని పేరకి మారుతుంది. ఇలా మారుతూ మారుతూ, పంచుకున్న భారం చివరికి మోయగలిగినవాడి దగ్గరికి చేరే అవకాశం ఎక్కువని కెర్నల్ పత్రాలే చెబుతాయి. ఊరి చెరువు పూడిక తీతలో కలిగినవాళ్లు ఎక్కువ వేసుకోవడం అన్యాయమని ఎవరూ అనరు. పంచుకునే చోట అణాపైసల సమానత్వం కన్నా, మోయగలిగినవాడు మోయడమే ధర్మానికి దగ్గర.

కెర్నల్ చూడలేనిది ఒకటుంది. ప్రాసెస్ ఎంత అడిగిందో అది గుంపు లెక్కలో రాయదు. ఎంత తాకిందో అదే రాస్తుంది. వంద జీబీ కోరి ఒక్క పేజీ తాకితే, లెక్కలో పడేది ఆ ఒక్క పేజీయే. హేమచంద్రుడు చెప్పిన కడుపులోని దూడలు ఇక్కడ లెక్కకి రావు. జైన సిద్ధాంతం దీనికి ఎదురు దిక్కున నిలబడుతుంది. అక్కడ పరిగ్రహం అంటే అసలు వస్తువు కాదు, వస్తువు మీది మమకారం. ఏమీ లేని బిచ్చగాడు కూడా కోరికతో పరిగ్రహి కావచ్చు. ఈ రెండిట్లో ఏది ఒప్పు? రెండూ ఒప్పేనని నా అభిప్రాయం, కానీ రెండు వేర్వేరు చేతులకి. నా కోరిక లెక్క నేను చూసుకోవాలి. ఇంకొకరి కోరికని లెక్కించే అధికారం ఏ రాజ్యానికీ, ఏ నిర్వాహకుడికీ ఉండకూడదు. బయటి హద్దు చేతని మాత్రమే కొలవాలి. మనసుని కొలవబోయిన హద్దు దౌర్జన్యం అవుతుంది.

హద్దు అంటే కోత అనుకునేవాళ్లు సీగ్రూప్స్ రెండో రూపంలోని నాలుగు ఫైళ్లని వరసగా చూడాలి. మెమరీ.మిన్‌లో రాసినంత ఏ పరిస్థితిలోనూ ఆ గుంపు నుంచి వెనక్కి లాక్కోరు. మెమరీ.లో‌లో రాసినంత, ఇంకెక్కడైనా దొరుకుతున్నంత వరకు లాక్కోరు. మెమరీ.హై దాటితే చంపరు. ఆ గుంపు నడక తగ్గిస్తారు, వాడకుండా పడి ఉన్న పేజీల్ని గట్టిగా వెనక్కి తీసుకుంటారు. మెమరీ.మ్యాక్స్ ఆఖరి గోడ. దాన్ని తాకాక తగ్గే దారి లేకపోతే మరణం. నాలుగింట్లో రెండు హద్దులు, రెండు అభయాలు. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకి గృహస్థ ధర్మం చెబుతూ, కడుపు నిండేంత వరకే మనిషికి హక్కని, అంతకు మించినది తనదనుకునేవాడు దొంగ అని అంటాడు. దొంగ అన్న మాట దగ్గరే మనం ఆగిపోతాం. హక్కు అన్న మాటని కూడా వినాలి. ప్రతి ప్రాణికీ కడుపు నిండేంత హక్కు ఉంది కాబట్టే మించినది దొంగతనం అవుతోంది. ఒకరి మ్యాక్స్‌కి అర్థం ఇంకొకరి మిన్ నుంచి వస్తుంది. ఎవరి కనీసాన్నీ కాపాడని హద్దు పొదుపు కావచ్చు, పీనాసితనం కావచ్చు, ధర్మం మాత్రం కాదు.

అదే కారణం చేత, అవసరానికి తక్కువగా రాసిన హద్దు కూడా హింసే. 1968లో పీటర్ డెనింగ్ అన్న శాస్త్రవేత్త, ప్రతి ప్రాసెస్‌కీ ఆ కాసేపటి పనికి తప్పనిసరిగా దగ్గరుండాల్సిన పేజీల సమితి ఒకటి ఉంటుందని, దాన్ని వర్కింగ్ సెట్ అనాలని ప్రతిపాదించాడు. అంతకన్నా తక్కువ ఇస్తే ప్రాసెస్ పని చేయదు. ఒక పేజీ తెచ్చుకోవడానికి ఇంకోటి వదిలి, వదిలినదాని కోసం మళ్లీ పరుగెత్తి, కాలమంతా ఆ పరుగులోనే పోతుంది. అతిగా తినేవాడికీ యోగం లేదు, బొత్తిగా తిననివాడికీ లేదని గీత ఆరో అధ్యాయం చెప్పే మాటకి ఇంతకన్నా కచ్చితమైన లెక్క నేను ఎక్కడా చూడలేదు. 2018 చివర్లో వచ్చిన 4.20 కెర్నల్ ఇంకో అడుగు వేసింది. మెమరీ దొరక్క ఒక గుంపు ఎంతసేపు ఆగిపోయిందో మెమరీ.ప్రెషర్ అన్న ఫైలు శాతాల్లో చెబుతుంది. గడిచిన 10 సెకన్లకి, 60కి, 300కి సగటు కడుతుంది. కొందరు ఆగిన సమయం వేరు, అందరూ ఒకేసారి ఆగిన సమయం వేరుగా చూపిస్తుంది. ఎవరి దగ్గర ఎంత ఉందన్న లెక్క పక్కన, ఎవరు ఎంత బాధపడుతున్నారన్న లెక్క కూడా చేరింది. పాలన అన్న పేరుకి తగిన ఏ పాలనకైనా ఈ రెండో లెక్క ఉండి తీరాలి.

హద్దు ఉంటే చాలదు, హద్దు ఉందని లోపలివాడికి తెలియాలి కూడా. కొన్నేళ్ల కిందటి వరకు జావా ప్రోగ్రాములు కంటైనర్‌లో ఉన్నా యంత్రమంతా తమదే అనుకునేవి. 64 జీబీ యంత్రం మీద 2 జీబీ గుంపులో పుట్టిన జావా, తనకి నాలుగో వంతు, అంటే 16 జీబీ దాకా పెరిగే వీలుందని లెక్క వేసుకునేది. మధ్యలోనే చచ్చిపోయేది. అందులో దురాశ లేదు, తన చోటు తనకి తెలియకపోవడమే ఉంది. 2018లో వచ్చిన జేడీకే 10 నుంచి జావా తన గుంపు హద్దుని తానే చదువుకుంటోంది. తెలిసినవాడు హద్దు లోపల హాయిగా బతుకుతాడు. తెలియనివాడికి అదే హద్దు ఉరి అవుతుంది. నియమం పెట్టేవాడు దాన్ని స్పష్టంగా చెప్పకపోతే, పాపంలో సగం అతనిదే.

ఇంతా చెప్పి, యంత్రానికీ వ్రతానికీ ఉన్న తేడా మరిచిపోకూడదు. సీగ్రూప్స్‌లో ఒక కొమ్మని ఇంకొకరికి అప్పజెప్పినప్పుడు, ఆ కొమ్మకి ఉన్న హద్దుల ఫైళ్లు వారి చేతికి ఇవ్వకూడదు. వాళ్లు తమ కింద ఉన్నవాళ్లకే హద్దులు రాయగలరు. తమ హద్దు పైవాడు రాస్తాడు. వ్రతం సరిగ్గా దీనికి తలకిందులు. వ్రతంలో మనిషి తన హద్దు తానే రాసుకుంటాడు, ఇంకొకరిది రాయడు. సమాజానికి రెండూ కావాలి. పైనుంచి వచ్చే హద్దు లేకపోతే బలహీనుడి కనీసానికి భరోసా లేదు. లోపలి నుంచి వచ్చే హద్దు లేకపోతే, పై హద్దుని తప్పించుకునే ఉపాయాలు ఎనిమిది వందల ఏళ్ల కిందట ఎన్ని ఉన్నాయో అన్నీ మళ్లీ పుడతాయి.

కొత్త సేవ ఒకటి మా యంత్రాల మీదికి వచ్చినప్పుడు నేను రాసే వరస ఇది. ముందు ఎవరు ఎవరితో కలిసి బతుకుతారో చూసి గుంపు కడతాను. తరవాత దాని పని కొన్నాళ్లు గమనించి, కనీసం రాస్తాను. ఆ తరవాత, దాటితే నడక తగ్గే గీత. అన్నిటికన్నా చివర, దాటితే చావే అన్న గోడ. అపరిగ్రహం గురించి మాట్లాడేవాళ్లని కూడా ఇదే వరస పాటించమని అడుగుతాను. ఎవరెవరు ఒకే పొయ్యివాళ్లో ముందు ఒప్పుకుందాం. అందరి కనీసం మొదట రాద్దాం. మనల్ని నెమ్మదింపజేసే గీత మనమే గీసుకుందాం. ఈ మూడూ నిజాయితీగా జరిగిన ఇంట్లో, ఊళ్లో, దేశంలో ఆఖరి గోడ దాకా వచ్చేవాళ్లు అరుదు. ఈ మూడూ వదిలేసి నేరుగా గోడ దగ్గరికి వెళ్లేవాళ్లకి మిగిలేది, ఆపద రాగానే ఎవరిని చంపాలన్న ప్రశ్న ఒక్కటే.